‘లస్కరు’ శబ్దం – పుట్టుపూర్వోత్తరాలు

కళాశాలలో ప్రవేశాలు జరిగే రోజులలో దరఖాస్తులు పరిశీలించే పని ఒక సంవత్సరం నా వంతుకు వచ్చింది. ఒక విద్యార్థి తన దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అనే గడిలో మొదట ‘లస్కరు’ అని రాసి, దానిని రెండు గీతలతో కొట్టివేసి, పైన ‘ప్రభుత్వ కొలువు’ అని రాశాడు. ఎందుకు కొట్టివేశావు నాయనా అని అడిగాను. “అది చెప్పుకోదగ్గ ఉద్యోగం కాదు సార్. కె.సి. కాలువ మీద తూములు ఎత్తి దించే పని. ఆ మాటకు అర్థమేమిటో మా నాయనకే తెలియదు” అని తల వంచుకున్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడిగా ఆ శబ్దం నాకు కొత్తది కాదు. వెనుకటి ఇంగ్లీషు నవలలలో, సముద్రయాన కథలలో అది తరచుగా కనిపిస్తుంది. పాశ్చాత్యుల ఓడల మీద పనిచేసిన హిందూదేశపు నావికుడు అని దానికి అర్థం చెప్పి, తరువాతి వాక్యానికి పోవడం అలవాటు. కాని సముద్రం కంటికి కానరాని ఈ మెట్టసీమలో, నల్లరేగడి చేల మధ్య, కాలువ గట్టున గొడుగు పట్టుకొని నడిచిపోయే మనిషికి ఆ ఓడవాని పేరు ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే ఆ మాట పారశీక దేశపు సైనిక శిబిరాలనుండి సుంకేసుల ఆనకట్టదాకా చేసిన దీర్ఘప్రయాణం కళ్లకు కట్టింది. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే బల్లమీద కూర్చొని చదువుకునే మన కళాశాల పత్రికకు ఇంతకంటే తగిన విషయం ఉండదని తలచి ఈ వ్యాసం రాస్తున్నాను.

మూలం: లష్కర్

ఈ శబ్దానికి మూలం ఫారసీ భాషలోని ‘లష్కర్’. సైన్యమనీ, సేన విడిసిన శిబిరమనీ దానికి అర్థం. దానినుండి ‘లష్కరీ’ అనే మాట పుట్టింది. సైన్యానికి చెందినవాడు, సిపాయి అని అర్థం. అరబ్బీలో సైన్యానికి ‘అస్కర్’ అనే మాట ఉన్నది. ఈ రెండింటికీ బంధుత్వం ఉన్నదని అందరూ అంగీకరించారు కాని, ఎవరు ఎవరికి ఇచ్చారనే విషయంలో వాదం నడిచింది. అరబ్బీ ‘అల్ అస్కర్’ నుండి ఫారసీ లష్కర్ వచ్చిందని మొదట అనుకొనేవారు. అరబ్బీవారే ఫారసీ మాటను తీసుకొని, మొదటి ‘ల’కారాన్ని తమ భాషలోని ‘అల్’ అనే ఉపపదంగా భ్రమించి విడదీశారని తరువాతి పండితులు ఎక్కువగా భావించారు. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు వెలువరించిన ఆంగ్లో ఇండియన్ పదకోశం ‘హాబ్సన్ జాబ్సన్’ కూడా ఈ రెండవ పక్షానికే మొగ్గింది. ఆ అస్కర్ నుండి వచ్చిన ‘అస్కరీ’ అనే మాట తూర్పు ఆఫ్రికాకు పోయి అక్కడి సిపాయిలకు పేరై నిలిచింది. అన్నదమ్ములిద్దరిలో ఒకడు ఆఫ్రికాలో సిపాయిగానే ఉండిపోగా, రెండవవాడు హిందూ మహాసముద్రం మీద ఓడ ఎక్కాడన్నమాట.

మన దక్కనులో లష్కర్ శబ్దం ముస్లిం ప్రభువుల పాలనతోనే స్థిరపడింది. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న సికిందరాబాదును పాతతరంవారు నేటికీ లష్కర్ అనే పిలుస్తారు. ఆంగ్ల సైన్యం అక్కడ విడిది చేయడమే దానికి కారణం. ఆషాఢమాసంలో ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి జరిగే జాతరను ‘లష్కర్ బోనాలు’ అంటారు. అమ్మవారి జాతరకు ముందు ఫారసీ మాట చేరి కూర్చున్నా ఎవరికీ వింతగా తోచదు. హనుమకొండలో లష్కర్ బజారు ఉన్నది. గ్వాలియరులో సింధియాల సేన విడిసిన చోటు వెలసిన పట్టణం పేరే లష్కర్.

ఉర్దూ చదివే విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ‘ఉర్దూ’ అనేది కూడా శిబిరమనే అర్థం గల తురుష్క పదమే. ఇంగ్లీషులో గుంపు, దండు అనే అర్థంలో వాడే ‘హోర్డ్’ అనే మాటకూ అదే మూలం. అయితే ఇందువలన ఉర్దూభాష సైన్యపు గుడారాలలో పుట్టిన సంకర భాష అనే ప్రచారాన్ని నమ్మనక్కరలేదు. భాషకు ఆ పేరు స్థిరపడింది 18వ శతాబ్దం చివరి భాగంలో. భాష అంతకుముందే హిందవీ, హిందీ, రేఖ్తా, దక్కనులో దక్కనీ అనే పేర్లతో శతాబ్దాల పాటు వర్ధిల్లింది. ఢిల్లీలోని రాజనగరాన్నే ‘ఉర్దూ’ అనేవారనీ, ఆ నగరపు పలుకుబడి గనుక భాషకు ఆ పేరు వచ్చిందనీ షంసుర్రహ్మాన్ ఫారూఖీ వంటి విద్వాంసులు నిరూపించారు. పేరు పుట్టుక వేరు, పేరుగలవాని పుట్టుక వేరు. ఈ సూత్రం మన లస్కరుకు కూడా వర్తిస్తుంది.

సిపాయి నావికుడైన వైనం

1498లో వాస్కో డ గామా కోళిక్కోడు చేరిన తరువాత పోర్చుగీసులు పడమటి తీరంలో కోటలు కట్టుకొన్నారు. వారికి స్వదేశంనుండి వచ్చే మనుషులు చాలలేదు. ఇక్కడివారినే సిపాయిలుగా చేర్చుకొన్నారు. అప్పటికే ఈ దేశంలో వాడుకలో ఉన్న లష్కరీ అనే మాటను తమ నోటికి అనువుగా ‘లస్కరిం’ అని మలచుకొన్నారు. సింహళ ద్వీపంలో పోర్చుగీసుల కింద, ఆ తరువాత డచ్చివారి కింద, చివరకు ఆంగ్లేయుల కింద పనిచేసిన స్థానిక సిపాయిలకు ఇదే పేరు. అంటే ఈ దశలో మాట ఇంకా సైనికార్థాన్ని విడువలేదు. కాని ఒక మార్పు జరిగింది. మూలంలో సైన్యమంతటికీ చెల్లిన మాట ఇప్పుడు పరదేశి ప్రభువు కింద పనిచేసే స్వదేశి సేవకునికి పరిమితమైంది.

17వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీషులో ప్రవేశించింది. ఆ కాలపు ఓడ కేవలం సరుకుల బండి కాదు, ఫిరంగులు గల కోట కూడా. ఓడ మీద పనిచేసేవానికీ పోరాడేవానికీ నడుమ గీత సన్ననిది. అందువలన ఓడ మీది స్వదేశి సేవకుడు లస్కరు అయినాడు. క్రమంగా గుజరాతు, కొంకణం, మలబారు, చిట్టగాంగు, సిల్హెట్టు ప్రాంతాలనుండి ఓడలెక్కిన నావికులందరికీ అదే పేరు స్థిరపడింది. మన తూర్పుతీరపు కోరంగి ఒకనాడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. అక్కడినుండి ఓడలెక్కి పోయినందువలన బర్మాలో తెలుగువారందరినీ ‘కోరంగీలు’ అని పిలిచేవారు.

ఓడ మీద లస్కరు బతుకు చెప్పుకోదగినది కాదు. తూర్పిండియా కంపెనీ ఓడలు ఇంగ్లండునుండి వచ్చేటప్పుడు ఆంగ్ల నావికులలో కొందరు జబ్బులతో చనిపోయేవారు, కొందరు ఇక్కడ దిగి పారిపోయేవారు. తిరుగు ప్రయాణానికి లస్కర్లు కావలసివచ్చేవారు. లండను చేరిన తరువాత వారి అవసరం తీరిపోయేది. మరల స్వదేశం చేర్చే ఓడ దొరికేదాకా చలిలో వీధుల పాలయ్యేవారు. 1823లో చేసిన చట్టం వారికి ఇవ్వవలసిన ఆహారం, బట్టలు మొదలైన వాటిని నిర్ణయించింది. అదే చట్టం లస్కర్లను బ్రిటిష్ నావికులుగా పరిగణించరాదని కూడా నిర్ణయించింది. పని ఒకటే, ఓడ ఒకటే, తుఫాను ఒకటే. జీతం మాత్రం ఐరోపా నావికుని జీతంలో చిన్న భాగం. 1857లో లండను రేవుల సమీపంలో ఆసియా, ఆఫ్రికా నావికుల కోసం ఒక ఆశ్రయగృహం తెరిచారు. ఆ ఆశ్రయం అవసరమైన స్థితే ఎంతో చెబుతుంది.

రెండు ప్రపంచయుద్ధాలలోను వారు సరుకు ఓడల మీద బొగ్గు పోస్తూ జలాంతర్గాముల దెబ్బలకు మునిగిపోయారు. మొదటి యుద్ధంలో మరణించిన 896 మంది లస్కర్ల జ్ఞాపకార్థం కలకత్తాలో హుగ్లీనది ఒడ్డున 1924లో ఒక స్తంభం నిలిపారు. రెండవ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన లస్కర్ల సంఖ్య ఆరు వేలకు పైమాటే. 1939లో యుద్ధం మొదలుకాగానే జీతాలు పెంచమని బ్రిటన్ మొదలు అనేక దేశాల రేవులలో వారు సమ్మె చేశారు. తలవంచుకొని పనిచేయడమే తెలిసిన జాతి అని వారిని గురించి రాసిన ఆంగ్లేయులకు ఆ సమ్మె సమాధానం చెప్పింది.

లస్కరీ పలుకుబడి, తెలుగులో దాని చుట్టాలు

ఒక ఓడ మీద పది భాషలవారు పనిచేస్తే ఆజ్ఞలు ఏ భాషలో ఇవ్వాలి? ఆ అవసరంలోనుండి హిందుస్తానీ పునాదిగా, అరబ్బీ, ఫారసీ, పోర్చుగీసు, మలయాళం మాటలు కలిసిన ఒక పలుకుబడి పుట్టింది. దానిని ‘లస్కరీ’ అన్నారు. 1811లో థామస్ రోబక్ అనే సైనికాధికారి ఆంగ్ల అధికారుల కోసం ఇంగ్లీషు హిందుస్తానీ నౌకా నిఘంటువును కలకత్తాలో ప్రకటించాడు. 1882లో జార్జి స్మాల్ దానిని సవరించి లస్కరీ నిఘంటువుగా మరల వెలువరించాడు. ఓడ నడవాలంటే అధికారి సేవకుని భాష నేర్చుకోక తప్పలేదు.

ఆ పలుకుబడికి చెందిన మాటలు మన తెలుగులో ఎన్ని ఉన్నవో చూడండి. ఓడను నిలిపే ‘లంగరు’ ఫారసీ మాట. ఓడను తిప్పే ‘చుక్కాని’ అరబ్బీ ‘సుక్కాన్’తో సంబంధం గలది. ఈ మాటే ఆంగ్ల నావికుల నోట పడి ‘సీకనీ’ అయింది. మొదటి అక్షరాన్ని వారు సముద్రమనే అర్థంగల తమ ‘సీ’ అని భావించుకొన్నారు! రేవుకు ఫారసీలో ‘బందర్’. మచిలీపట్నాన్ని మనవారు నేటికీ బందరు అనే అంటారు.

ఇక మనుషుల పేర్లు. లస్కర్ల మీద పెద్దను ‘సరంగు’ అంటారు. గోదావరి మీద లాంచీలు నడిపేవారినీ ఈ పేరుతోనే పిలుస్తారు. దీని మూలం ఫారసీ ‘సర్‌హంగ్’, అనగా దళనాయకుడు. నేటి ఇరాను సైన్యంలో సర్‌హంగ్ అంటే కర్నలు హోదా. అక్కడ కర్నలు, ఇక్కడ లాంచీ నడిపేవాడు. సరంగుకు కింది అధికారిని ఆంగ్లేయులు ‘టిండల్’ అన్నారు. అది మన ‘తండేలు’. శ్రీకాకుళం తీరంలో చేపలవేటకు పోయే పడవ పెద్దను ఇప్పటికీ తండేలు అంటారు. 2025లో వచ్చిన ఒక తెలుగు చలనచిత్రం పేరు ద్వారా ఈ మాట సముద్రం చూడనివారికి కూడా పరిచయమైంది. ‘ఖలాసీ’ మాట అరబ్బీ. ఓడలోను, గుడారాలు వేసే చోటా పనిచేసేవాడని దాని అర్థం. మన గుంతకల్లు వంటి రైల్వే కేంద్రాలలో ఖలాసీ ఉద్యోగం ఎరుగనివారు లేరు. 1988లో కేరళలోని పెరుమణ్ వద్ద రైలు సరస్సులో పడినప్పుడు పెట్టెలను పైకి లాగడానికి మలబారు మాప్పిళ ఖలాసీలు తోడ్పడ్డారు.

సముద్రం వారి మాటలు ఇలా మెట్టప్రాంతంలోకి నడిచివచ్చినవి. అందులో ఎక్కువ దూరం నడిచినది లస్కరు శబ్దమే.

గుడారంనుండి కాలువ గట్టుకు

కంపెనీ సైన్యంలో ఓడతో సంబంధం లేని లస్కర్లు కూడా ఉండేవారు. ఫిరంగిదళంలో తుపాకులను లాగి, మందుగుండు అందించేవారిని గన్ లస్కర్లు అన్నారు. దండు విడిసినచోట గుడారాలు నిలిపేవారిని టెంట్ లస్కర్లు అన్నారు. సామాను గిడ్డంగి కాచేవారు స్టోరు లస్కర్లు. తాళ్లు, కప్పీలు, బరువులు ఎత్తే నేర్పు నావికునిది. ఆ నేర్పే ఫిరంగి దగ్గరా గుడారం దగ్గరా కావాలి. అందుచేత మాట సులభంగా ఓడ దిగి నేలకు వచ్చింది. మూలంలో శిబిరమనే అర్థం గల మాట అటు సముద్రం తిరిగి, మరల శిబిరానికే చేరుకొన్నది, కాని ఈసారి సేనాపతి గుడారంలోకి కాదు. ఆ గుడారపు తాడు లాగే మనిషి దగ్గరకు.

తెలుగునాట పెద్ద కాలువలు తవ్వించిన తొలి ఇంజనీర్లు చాలావరకు సైన్యపు ఇంజనీర్లే. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందినవాడు. దండులో అలవాటైన కొలువుల పేర్లు వారితోపాటు ప్రజాపనుల శాఖకు వచ్చినవి. పైగా కాటన్ దృష్టిలో కాలువ అంటే సాగునీటికి మాత్రమే కాదు. పడవలమీద సరుకు రైలుకంటె చౌకగా పోగలదని ఆయన జీవితాంతం వాదించాడు. పడవ నడిచే కాలువలో లాకులు ఉంటాయి. లాకు తలుపులు తెరిచి మూసే మనిషి ఉండాలి. ఆ మనిషికి ఓడవాని పేరు చక్కగా అతికింది.

మన కర్నూలు కడప కాలువ ఇందుకు నిలువెత్తు సాక్ష్యం. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దానిని 1863, 1870 సంవత్సరాల మధ్య తవ్వించింది. కర్నూలుకు ఎగువన తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలై, కర్నూలు పట్టణంలో హంద్రినదిని అక్విడక్టు మీదుగా దాటి, మిట్టకందాల వద్ద తుంగభద్రకూ పెన్నకూ నడుమనున్న మిట్టను చీల్చుకొని, కుందూ లోయ వెంట కడపదాకా సుమారు 305 కిలోమీటర్లు సాగే ఈ కాలువను సాగుకూ పడవలకూ కలిపి ఉద్దేశించారు. పెన్న మీదుగా తూర్పు సముద్రందాకా జలమార్గం వేయాలన్నది కంపెనీవారి తొలి ఆశ. ఆ ఆశ నెరవేరలేదు. కాలువ పూర్తయ్యే సమయానికే మద్రాసు రైల్వేవారి ఇనుపదారి కడప మీదుగా పడమటికి సాగింది. కంపెనీ అప్పులపాలైంది. 1882లో కాలువను ప్రభుత్వం తీసుకొన్నది. 1933నుండి పడవల రాకపోకలు ఆగిపోయి, కాలువ కేవలం సాగునీటికే మిగిలింది. పడవలు పోయినవి, లాకులు పాడైనవి. నందికొట్కూరు ప్రాంతంలోని ‘లాకిన్సుల’ వంటి పేర్లలో ఆ లాకు చప్పుడు వినిపిస్తున్నది. ఓడవాని పేరు మాత్రం కాలువగట్టు విడిచి పోలేదు.

అంతకుముందు ఈ సీమలో నీరు పంచే మనిషి లేడని కాదు. చెరువు కింద నీరు పారించేవానికి నీరుగంటి, నీరుకట్టు అనే అచ్చతెలుగు పేర్లు ఉండనే ఉన్నవి. అతడు ఊరి మనిషి. రైతులు కళ్లంలో గింజలు కొలిచి అతని మేర ఇచ్చేవారు. చెరువు ఊరిది గనుక పేరూ ఊరిదే. కాలువ సర్కారుది, దాని మనిషికి జీతం సర్కారునుండి రావాలి, పేరు కూడా సర్కారునుండే వచ్చింది. ఒకే పనికి రెండు పేర్లు ఉన్నవంటే దాని వెనుక రెండు పాలనా పద్ధతులు ఉన్నవని అర్థం.

లష్కరా, లస్కరా?

ఇంతకూ ఒకే ఫారసీ మాట తెలుగులోకి రెండు దారుల వచ్చిందని తేలుతున్నది. మొదటి దారి నేలమీది దారి. నవాబుల కొలువునుండి, దక్కనీ పలుకుబడినుండి నేరుగా వచ్చినది ‘లష్కర్’. దానిలో ఫారసీ ‘ష’కారం చెక్కుచెదరలేదు, దండు, దండు విడిది అనే అర్థం కూడా చెదరలేదు. రెండవది నీటిదారి. పోర్చుగీసువారి రాతలోనుండి ఆంగ్లేయుల నోటికి పోయి, అక్కడినుండి మన కచ్చేరీ కాగితాలకు వచ్చినది ‘లస్కరు’. ఈ ప్రయాణంలో ‘ష’కారం ‘స’కారమైంది, సిపాయి కూలివాడైనాడు. ఒక అక్షరాన్నిబట్టి మాట వచ్చిన దారిని గుర్తించవచ్చునని భాషాశాస్త్రం చెప్పే దానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ మన ఇంటి ముందు దొరకదు. కొందరు, విశేషంగా ఉర్దూ తెలిసినవారు, కాలువ మనిషిని కూడా ‘లష్కరు’ అనే పలుకుతారు. అది తప్పు కాదు. ఇల్లు విడిచిన మాటను వారు తెలియకయే ఇంటికి పిలుచుకొన్నారు.

ఇట్టి అన్యదేశ్యాలను తక్కువగా చూడని మహానుభావుడు మన కడపలోనే ఉండేవాడు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువుతో తృప్తిపడక, తెలుగువారి వాడుకలో కలిసిపోయిన హిందుస్తానీ, ఇంగ్లీషు మొదలైన పరభాషా పదాలకు ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువు కూర్చి 1854లో ప్రకటించాడు. పండితులు పక్కకు నెట్టిన కచ్చేరీ మాటలు, సంత మాటలు కూడా ప్రజల భాషలో భాగమేనని ఆయన గుర్తించాడు. ఆయన నివసించిన చోటనే నేడు కడపలో బ్రౌన్ గ్రంథాలయం నిలిచి ఉన్నది. ఈ వ్యాసం చదివిన విద్యార్థులు ఒకసారి అక్కడకు వెళ్లి రావడం మంచిది.

అర్థం దిగజారడమంటే ఏమిటి?

భాషాచరిత్ర చదివే విద్యార్థులకు అర్థవిపరిణామం పాఠ్యాంశమే. ‘చీర’ ఒకనాడు ఏ వస్త్రానికైనా చెల్లి, నేడు స్త్రీల వస్త్రానికే పరిమితమైంది, ఇది అర్థసంకోచం. ‘నూనె’ నువ్వుల నెయ్యికి మాత్రమే చెల్లి, నేడు వేరుశనగ, ఆముదాలకు కూడా విస్తరించింది, ఇది అర్థవ్యాకోచం. ఒకప్పుడు జూదగాండ్రను చెప్పిన ‘సభికులు’ నేడు పెద్దమనుషులైనారు, ఇది అర్థోత్కర్ష. వేదపండితుడైన ‘ఛాందసుడు’ నేడు చాదస్తుడైనాడు, ఇది అర్థాపకర్ష.

లస్కరు శబ్దాన్ని ఏ తరగతిలో చేర్చాలి? సైన్యం సిపాయిగా, సిపాయి నావికుడిగా, నావికుడు కాలువ మనిషిగా మారినాడు గనుక అర్థాపకర్ష అని పరీక్షలో రాస్తే మార్కులు పడవచ్చు. కాని నా మనస్సు ఆ సమాధానానికి ఒప్పుకోదు. దిగజారినది మాట అర్థమా, లేక ఆ పని చేసేవానికి లోకం ఇచ్చే విలువా? ‘సర్‌హంగ్’ను సరంగుగా, లష్కరీని లస్కరుగా మార్చినది కాలం ఒక్కటే కాదు, జీతపు పట్టికలు కూడా. పాలకులు ఏ పనికి తక్కువ జీతం ఇచ్చారో, ఆ పని పేరు తక్కువదైంది. ఆ మాట చెవిన పడగానే కలిగే చిన్నచూపు మనం వారినుండి అరువు తెచ్చుకొన్నదే. ఇటీవలి కాలంలో హింసకు పాల్పడే కొన్ని సంస్థలు తమ పేర్లలో ‘లష్కర్’ను చేర్చుకొన్నందువలన పత్రికలు చదివేవారికి ఆ మాట మరొకవిధంగా వినిపిస్తున్నది. మాటకు పాపం లేదు. బోనాలెత్తిన ఆడవారి నోట ఆ మాటే ఎంత పవిత్రంగా వినిపిస్తుందో పైన చెప్పుకొన్నాం.

కాలువ లస్కరు చేసే పని ఏమిటో ఒకసారి ఆలోచించండి. కె.సి. కాలువకు కృష్ణాజలాల ట్రిబ్యునలు 39.9 టి.ఎం.సి.ల నీరు గుర్తించింది. దాని కింద ఆయకట్టు సుమారు 2 లక్షల 65 వేల ఎకరాలు. ట్రిబ్యునలులో న్యాయవాదులు వాదించి తెచ్చిన నీరు, ఇంజనీర్లు లెక్కగట్టిన నీరు, చివరకు ఒక తూము దగ్గర ఒక మనిషి షట్టరును ఎన్ని అంగుళాలు ఎత్తాడన్న దానిపై ఆధారపడి మడికి చేరుతుంది. గేజి చూసి నీటిమట్టం పై అధికారికి తెలిపేవాడు అతడే. గట్టుకు ఎండ్రకాయ బొరియ పడితే అది గండి కాకముందే కనిపెట్టేవాడు అతడే. ఎగువ రైతు రాత్రిపూట అడ్డుకట్ట వేస్తే దానిని తీయించి, చివరి ఆయకట్టు రైతు శాపనార్థాలకు జవాబు చెప్పేవాడు కూడా అతడే. ఎగువవాడు కసురుతాడు, దిగువవాడు తిడతాడు, నడుమ లస్కరు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి ఒక్కటై కర్నూలును ముంచినప్పుడు నీటిని కాచే పని ఎంత పెద్దదో ఈ పట్టణంలో ప్రతి ఇంటికీ తెలిసివచ్చింది.

1997లో వచ్చిన చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడినవి. ఆ తరువాతి కాలంలో పదవీ విరమణ చేసిన లస్కర్ల చోటులు చాలావరకు ఖాళీగా మిగిలినవి. పలుచోట్ల తాత్కాలికపు మనుషులతో పని నడుస్తున్నది. కొన్నేండ్లకు ఈ కొలువే లేకుండా పోవచ్చు. కొలువు పోతే మాట కూడా పోతుంది. మాటతోపాటు తూముల పేర్లు, గట్టుమీది గుర్తుల పేర్లు, ఏ వంపు దగ్గర ఏ ఊరి నీరు తిరుగుతుందో తెలిపే నుడికారమంతా పోతుంది.

విద్యార్థులకు ఒక మనవి

కాలువ వెంటనున్న ఊళ్లనుండి మన కళాశాలకు చాలామంది వస్తున్నారు. వేసవి సెలవులలో మీ ఊరి లస్కరు దగ్గర, ముసలి నీరుగంటి దగ్గర కూర్చొని వారు వాడే మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకొని రండి. ఉర్దూ విద్యార్థి ఆ మాటలలో ఫారసీ, అరబ్బీ మూలాలు గుర్తుపట్టగలడు. తెలుగు విద్యార్థి దేశ్యపదాలను విడదీయగలడు. ఇద్దరూ కలిస్తే తప్ప ఏ మాట చరిత్రా పూర్తిగా తేలదని పై ఉదాహరణ చూపుతున్నది. మన పాలకసంఘం పెద్దలు ఆ పదసంకలనాన్ని ఈ పత్రికలోనే అచ్చువేయించగలిగితే, ఈ సీమ భాషకు చేసిన మేలు అవుతుంది. కర్నూలు ముద్దుబిడ్డ డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం వెలసిన ఈ పట్టణంలో అట్టి పని అసాధ్యం కాదు.

ఇక ఆ విద్యార్థి సంగతి. నాకు తెలిసినంతవరకు ఈ చరిత్రనంతా ఒకనాటి సాయంత్రం అతనికి చెప్పాను. అతడు విని, కొంచెంసేపు ఊరకుండి, “అయితే మా నాయనది పటాలంలోనుండి వచ్చిన పేరు సార్” అన్నాడు. అవునన్నాను. కాని ఇంటికి వెళ్లిన తరువాత, ఆ జవాబు సగమే నిజమని తోచింది. అతని తండ్రికి గౌరవం ఇవ్వవలసినది పటాలపు పేరు కాదు. ఎండలో వానలో గట్టు తిరిగి, దిగువ రైతు మడికి నీరు అందించే పని. ఆ మాట అతనికి అప్పుడే చెప్పలేకపోయాను. అందుకే ఈ పత్రికలో రాస్తున్నాను.